యాపుల సంతలో స్వతంత్ర నిర్మాత పాలెంత?

సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్ల నెక్కిదిగు యువకులను, అమీర్‌పేట వీధులలో శిక్షణాలయముల గోడలపై వ్రేలాడు ప్రకటనలను చూచినవారికి ఒక విషయము స్పష్టమగును. మన జంటనగరములలో కంప్యూటరు విద్య నేడు ఏ కొందరి విద్యయో కాదు. మధ్యతరగతి కుటుంబముల ఆశ చాలవరకు దానిపైననే నిలిచియున్నది. ఆ యాశనుండి ఇటీవల మరియొక కొమ్మ చిగిర్చినది. ఒకరి కొలువున చేరక, తన గదిలో తాను కూర్చుండి, సెల్‌ఫోనున పనిచేయు యాపు నొకదానిని నిర్మించి, దానిని లోకమునకు అమ్ముకొని స్వతంత్రముగా బ్రదుకవచ్చుననునదియే ఆ క్రొత్త యాశ.

ఇది నిందింపదగిన యాశ కాదు. పరాధీనవృత్తిని విడిచి స్వశక్తిపై నిలువదలచిన యువకుని మేము ఎన్నడును నిరుత్సాహపరుపము. కాని ఈ వృత్తిలో నిజముగా లభించు రాబడి యెంత, అది యెవరికి లభించుచున్నది, నడుమ నెవరెంత పుచ్చుకొనుచున్నారు అను ప్రశ్నలకు లెక్క చెప్పువారు అరుదు. శిక్షణాలయములకు విద్యార్థులు కావలయును. అంగళ్ల యజమానులకు సరకు కావలయును. ప్రభుత్వములకు ఘనముగా చెప్పుకొన తగిన అంకెలు కావలయును. నష్టము వచ్చినచో భరింపవలసినవాడు మాత్రము ఆ యువకుడును, వాని తలిదండ్రులును. కావున వారి పక్షమున ఈ లెక్కను పరిశీలించుట పత్రికల విధియని మేము తలంచుచున్నాము.

ఈ వర్తకము పుట్టి యింకను రెండు దశాబ్దములు నిండలేదు. 2008 జూలై 10వ తేదీన ఆపిల్ సంస్థ సుమారు 500 యాపులతో తన అంగడిని తెరచెను. ఆ సంవత్సరమే అక్టోబరులో గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ మార్కెట్టును తెరచి, 2012లో దానికి గూగుల్ ప్లే యని పేరు మార్చెను. అంతకుముందు మన దేశమున ఫోనులలో ఒక ఆటనో పాటనో అమ్మదలచినవాడు టెలిఫోను కంపెనీల గుమ్మములు పట్టుకొని తిరుగవలసి యుండెను. వచ్చిన సొమ్ములో సగముకన్న నెక్కువ భాగము ఆ కంపెనీలకే పోవుచుండెను. అట్టి స్థితిలో నూటికి 70 పాళ్లు నిర్మాతకు, 30 పాళ్లు అంగడికి అను నియమము వరమువలె కనబడెను. ప్రవేశరుసుమును స్వల్పమే: గూగుల్‌నకు ఒక్కసారి 25 డాలర్లు, ఆపిల్‌నకు ఏటేట 99 డాలర్లు. ఒక కంప్యూటరును, ఇంత తెలివియు గల ఎవడైనను ప్రపంచవిపణిలో దుకాణము పెట్టవచ్చునన్నమాట దేశదేశముల యువకుల నాకర్షించెను.

దుకాణము తెరచుట సులభమైనది. బేరము జరుగుట మాత్రము సులభము కాలేదు. చందాలపై నడచు యాపుల లెక్కలను నిర్వహించు రెవెన్యూక్యాట్ అను సంస్థ 2024లో సుమారు 30,000 యాపుల రాబడిని పరిశీలించి వివరములు ప్రకటించెను. యాపు వెలువడి ఒక యేడు గడచిన పిమ్మట, వరుసలో సరిగా నడుమ నిలిచినదానికి నెలకు వచ్చునది 50 డాలర్లకు లోపే. అనగా మన నాణెములో నాలుగువేల చిల్లర. నెలకు 1,000 డాలర్ల రాబడిని అందుకొనునవి నూటికి 17 మాత్రమే. అగ్రమున నిలిచిన నూటికి 5 యాపులు అడుగున పడియున్న నాలుగవవంతు యాపులకన్న 200 రెట్లు సంపాదించుచున్నవి. ఇందు గమనింపవలసిన విషయము మరియొకటి కలదు. ఈ లెక్కకు ఎక్కినవన్నియు చందా పుచ్చుకొనుటకు సిద్ధపడి, అందుకు తగిన యేర్పాట్లు చేసికొన్న యాపులు. ఉచితముగా నిచ్చి ఎవరును చూడక మూలబడినవాటి సంఖ్య ఇందు చేరనే లేదు.

ఇట్టి వర్తకమున 'సగటు' అను మాట మోసపుచ్చును. ఒక వీథిలో తొంబదితొమ్మిది గుడిసెలును, ఒక మేడయు నున్నచో, ఇంటికి సగటున ఇన్ని గదులని చెప్పుట లెక్కకు సరిపోవును గాని ఆ గుడిసెలలోని వారికి గది దొరకదు. ప్రకటితమగు పెద్ద అంకెలను గూడ ఇట్లే విడదీసి చూడవలయును. 2024లో భారతదేశమున ఆపిల్ అంగడి మూలముగా జరిగిన వ్యాపారము 44,447 కోట్ల రూపాయలని అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. ఆచార్యులొకరు చేసిన అధ్యయనమును ఆ సంస్థ 2025లో ప్రకటించెను. అందు నూటికి 94 పాళ్లకు పైగా కమీషను లేకయే వ్యాపారులకు ముట్టినదని గూడ చెప్పెను. అంకె గొప్పదే. కాని కమీషను తగులని వ్యాపారమనగా నేమి? ఫోను ద్వారా తెప్పించుకొను భోజనము, సరకులు, సవారీలు, ప్రకటనలు మున్నగునవి. అన్నము అమ్మినవాని రాబడిని, బండి తోలినవాని కూలిని యాపులు వ్రాయు ఏకాకి యువకుని రాబడితో కలిపి కుప్పపోసినచో కుప్ప పెద్దదగును. వాని జేబు మాత్రము పెద్దది కాదు.

అయినను ఒక్కరి భాగ్యకథ వేయిమందిని ఈ దారికి లాగుచున్నది. హనోయి నగరవాసియైన డాంగ్ నుయెన్ అను వియత్నాం యువకుడు 2013లో ఫ్లాపీ బర్డ్ అను చిన్న ఆటను ఒంటరిగా నిర్మించెను. అది నెలల తరబడి ఎవరి కంటను పడక, 2014 ఆరంభమున హఠాత్తుగా లోకమంతట వ్యాపించెను. ప్రకటనలవలన దినమునకు 50,000 డాలర్లు వచ్చుచున్నవని నాటి పత్రికలు వ్రాసెను. ఆ వత్తిడికి తాళలేక అతడే 2014 ఫిబ్రవరిలో దానిని అంగళ్లనుండి తీసివేసెను. ఈ కథను చెప్పువారు అదే కాలమున అంతే శ్రమపడి ఏమియు పొందనివారి కథ చెప్పరు. లాటరీలో గెలిచినవాని చిత్రము మాత్రమే గోడ కెక్కును.

ఇక మన భాషకు వత్తము. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంత జనము నుండగా నూటికొక్కరు కొన్నను చాలునని యువకుడు తలపోయును. పిల్లలకు తెలుగు పద్యములు నేర్పు యాపును వాడు 100 రూపాయలకు అమ్మదలచెననుకొందము. ప్రభుత్వపు పన్నును ప్రక్కకు పెట్టుదము. చిన్న నిర్మాతలకై 2021లో వచ్చిన తగ్గింపు చొప్పున అంగడి 15 రూపాయలు పుచ్చుకొనగా 85 మిగులును. సికిందరాబాదున అద్దె గది తీసికొని నెలకు 25,000 రూపాయలతో బ్రదుకదలచినచో ప్రతిమాసమును 295 మంది క్రొత్త కొనుగోలుదారులు కావలయును. ఒకసారి కొన్నవాడు మరల కొనడు గదా! ఉచితముగా చూచినవారిలో నూటికొక్కరు కొందురనుకొన్నను, మాసమునకు ముప్పదివేలకు దగ్గరగా క్రొత్తవారు ఆ యాపును వెదకుకొని రావలయును. ఏటికి మూడున్నర లక్షలమంది! వీరికి ఆ యాపు పేరు తెలియజేయుట కగు ఖర్చు ఈ లెక్కలో చేరలేదు.

కొనువారు లేనప్పుడు ప్రకటనల దారి యున్నదందురు. వేయి ప్రకటనలు చూపినందుకు 20 రూపాయలు వచ్చుననుకొందము. 25,000 రూపాయలకు 12 లక్షల 50 వేల ప్రకటనలు చూపవలయును. ఒక్కొక్కరు దినమునకు అయిదింటిని సహించి చూచినను, 8,300 మందికి పైగా నెలలో నొక్క దినమైనను తప్పక ఆ యాపును తెరవవలయును. గూగుల్ ప్రకటనల శాఖయైన యాడ్‌మాబ్ 100 డాలర్లు కూడనిదే సొమ్ము పంపదు. అమెరికాలోని చూపరికి ప్రకటనదారు చెల్లించు వెలకును, మన పల్లెలోని చూపరికి చెల్లించు వెలకును చాల అంతరము కలదు. కావున తెలుగులో తెలుగువారికై వ్రాసినవాడు, అంతే శ్రమతో ఇంగ్లీషులో వ్రాసినవానికన్న తక్కువ పొందును. మాతృభాషాసేవకు ఇది విధింపబడిన జరిమానావలె నున్నది.

ఒకవేళ యాపు నిలదొక్కుకొన్నను అనుకరణభయము తప్పదు. త్రీస్ అను అంకెల ఆటను దాని కర్తలు ఒక సంవత్సరమునకు పైగా శ్రమించి 2014 ఫిబ్రవరిలో వెలువరించిరి. మరుమాసముననే ఆ పోలికతో 2048 అను ఆట ఉచితముగా బయలుదేరెను. దానిని నిర్మించిన ఇటలీ యువకునికి పట్టిన కాలము ఒక వారాంతము. లోకమునకు నేడు గుర్తున్నది రెండవదే. పేరును, చిత్రమును, వ్రాసిన సంకేతమును చట్టము రక్షింపగలదు. ఆటలోని ఆలోచనను రక్షించుట కష్టము. రాత్రింబవళ్లు పనిచేయించుటకు నౌకరులు గల కంపెనీ ఒంటరివాని ఆలోచనను మాసములో నకలు చేయగలదు. ఒంటరివాడు న్యాయస్థానమునకు పోవుటకైన శక్తి గలవాడు కాడు.

ఇక అంగడి శుల్కమును గూర్చి. సా.శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు చెదరి తీరమున పడిన నావల సరకును పూర్వపు రాజులు అపహరించుచుండిరనియు, తాను నిర్ణీత శుల్కము తప్ప మరేమియు గొననని అభయమిచ్చుచున్నాననియు అందు చెప్పెను. ఆ శుల్కము ముప్పదింట నొకపాలు. నూటికి మూడు రూపాయల చిల్లర. రేవును, కావలిని, న్యాయమును సమకూర్చిన రాజు అంతమాత్రముతో తృప్తిపడెను. నేటి అంగళ్లు ముప్పదింట నొకపాలు గాక నూటికి ముప్పది పాళ్లు నిర్ణయించెను. 2021 జనవరినుండి ఆపిల్, జూలైనుండి గూగుల్, ఏటికి పదిలక్షల డాలర్ల వరకు రాబడిగల నిర్మాతలకు దానిని 15కు తగ్గించిరి. ఆ తగ్గింపు దానముగా వచ్చినది కాదు. న్యాయస్థానములలోను, శాసనసభలలోను ప్రశ్నలు పుట్టిన పిమ్మట వచ్చినది.

అంగడి పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. మోసపు యాపులను వడకట్టుట, సొమ్ము వసూలుచేసి చేర్చుట, నూరు దేశములలో సరకును క్షణములో నందించుట వెల లేని పనులు కావు. మా యాక్షేపణము శుల్కముపై కన్న నిర్బంధముపై నెక్కువ. ఊరిలో నొకే సంత యుండి, ఆ సంతలో నొకే త్రాసు నుండి, త్రాసువాడు తన సరకును గూడ ఆ ప్రక్కనే అమ్ముకొనుచున్నచో అది వర్తకస్వాతంత్ర్యము కాజాలదు. మన దేశమున 2016లో ఆరంభమైన యూపీఐ చెల్లింపులపై వర్తకునినుండి రుసుము గొనరాదని 2020 జనవరినుండి ప్రభుత్వము నిర్ణయించెను. కూరగాయల బండివాడు సైతము సొమ్మును కాసు ఖర్చు లేక పుచ్చుకొనుచుండగా, యాపులో సొమ్ము పుచ్చుకొనుటకు మాత్రము వేరుదారి యేల యుండరాదని నిర్మాతలు ప్రశ్నించిరి. 2023లో గూగుల్ వేరుదారిని అనుమతించినను, దానివలన తగ్గినది నూటికి 4 పాళ్లు మాత్రమే.

ఈ వివాదము మన దేశమున చాల దూరము నడచినది. ప్లే అంగడి చెల్లింపుల నిర్బంధమునకై పోటీ పరిరక్షణ కమిషను 2022 అక్టోబరు 25వ తేదీన గూగుల్‌పై 936.44 కోట్ల రూపాయల జరిమానా విధించెను. కంపెనీ లా అప్పీలు న్యాయస్థానము 2025 మార్చిలో తప్పును కొంతవరకు నిర్ధారించుచునే జరిమానాను 216.69 కోట్లకు తగ్గించెను. నడుమ, 2024 మార్చి 1వ తేదీన శుల్కము చెల్లింపలేదను కారణమున గూగుల్ మన దేశపు ప్రసిద్ధ యాపులు కొన్నింటిని, పెండ్లి సంబంధముల యాపులతో సహా, అంగడినుండి తొలగించెను. కేంద్రప్రభుత్వము కలుగజేసికొనగా కొలది దినములలో మరల చేర్చెను. లాయర్లును, మంత్రుల పరిచయమును గల కంపెనీలకే ఇట్టి గతి పట్టగా, పేరెరుగని ఒంటరి నిర్మాత యాపును తొలగించినచో విచారించువాడెవ్వడు? దక్షిణ కొరియా 2021లో చట్టము చేసెను. ఐరోపా సమాఖ్య నియమములు 2024 మార్చినుండి ఈ అంగళ్లకు వర్తించెను. అమెరికాలో ఎపిక్ సంస్థ వేసిన వ్యాజ్యమున ఆపిల్ తన యుత్తరువును ధిక్కరించెనని 2025 ఏప్రిల్ 30వ తేదీన న్యాయమూర్తి తీర్పు చెప్పెను. మన దేశమునను డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదా 2024 మార్చిలో ప్రకటితమైనది. అట్టి చట్టము ఏ రూపమున వచ్చినను, తొలగింపునకు ముందు నోటీసును, వ్రాతపూర్వకమైన కారణమును, నిర్ణీత గడువులోపల అప్పీలును చిన్న నిర్మాతకు హక్కుగా ఈయవలయును.

ఇంత చెప్పియు మేము మరియొక సత్యమును మరుగుపరుపజాలము. శుల్కము పూర్తిగా రద్దైనను ఒంటరి నిర్మాత దారిద్ర్యము తీరదు. నెలకు 50 డాలర్లు వచ్చువానికి నూటికి 15 మిగిలినచో దక్కునది ఏడున్నర డాలర్లు, అనగా ఆరువందల రూపాయల పైచిలుకు. కోటి రూపాయల వ్యాపారము గలవానికి దక్కునది పదునైదు లక్షలు. కావున శుల్కపోరాటమునకు పెద్ద కంపెనీలు నాయకత్వము వహించుట సహజము. ఆ పోరాటము న్యాయమైనదే. కాని దాని ఫలము మొదట వారి గాదెలకే చేరును. చిన్నవానికి వలసినది వేరు: వాని సరకు జనుల కంటబడుట, కొనువారు దొరకుట, అదాయము ప్రతిమాసమును నిలుకడగా వచ్చుట. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరిలో తెలుగు మొదలగు 12 భారతీయ భాషలతో ఇండస్ అను స్వదేశపు అంగడిని తెరచినది. అట్టి ప్రయత్నములను మేము అభినందింతుము. అయినను ఫోను కొన్ననాడే అందు అమరియున్న అంగడిని విడిచి, మరియొక అంగడిని వెదకుకొని పోవువారు తక్కువ. స్వదేశీ యను పేరు సరకునకు మొదటి పరిచయము కాగలదు గాని రెండవ బేరము నాణ్యతమీదనే యుండును.

మన నగరమున సంస్థలకు కొరత లేదు. గూగుల్ 2004నుండి ఇచట నున్నది. ఆపిల్ 2016లో పటముల కార్యాలయమును తెరచెను. 2015లో ఆరంభమైన టీ-హబ్ 2022లో విశాలమైన క్రొత్త భవనమునకు మారెను. హైదరాబాదులో పుట్టిన హిట్‌వికెట్ క్రికెట్టు ఆట 2020లో కేంద్రప్రభుత్వపు ఆత్మనిర్భర్ యాపుల పోటీలో ఆటల శాఖయందు ప్రథమ బహుమతి గెలుచుకొనెను. ఇది మనకు గర్వకారణము. కాని ఈ యేర్పాట్లన్నియు పెట్టుబడి నాకర్షించి పెరుగదలచిన కంపెనీలకై ఏర్పడినవి. కంపెనీగా పెరుగనక్కరలేక, ఒక మంచి పనిముట్టును చేసి దానిపై గౌరవముగా బ్రదుకదలచిన యొంటరి శిల్పికి వీనిలో స్థానము స్వల్పము.

అట్టివారికి నేతగాండ్ర మార్గము అనుసరణీయమని మా యభిప్రాయము. పోచంపల్లి మగ్గమున కూర్చున్నవాడు నూలును, అప్పును, అమ్మకమును తానొక్కడే చూచుకొనలేక సావుకారు చేతిలో పడినందుననే సహకార సంఘములు అవసరమైనవి. యాపుల నిర్మాతల స్థితియు నట్టిదే. 2023 నవంబరునకు పిమ్మట తెరచిన వ్యక్తిగత ఖాతాలకు, యాపును 20 మంది 14 దినములు ఎడతెగక పరీక్షింపవలెనని గూగుల్ నియమించెను. 2024 చివర ఆ సంఖ్యను 12కు తగ్గించెను. ఒంటరివానికి పన్నెండుగురిని కూర్చుటయు నొక కష్టమే. పరీక్షకులు, పన్నుల లెక్కలు చూచువాడు, న్యాయవాది, అమ్మకపు ప్రచారము ఇవి ఏబదిమంది కలిసి పంచుకొన్నచో ఒక్కొక్కరికి భారము తేలిక యగును. ప్రభుత్వములును బహుమతిసభలతో సరిపెట్టక, చిన్న పనులను చిన్నవారికే టెండరు నిబంధనలు సడలించి యీయవలయును. బస్సుల వేళలు, మార్కెట్టు యార్డుల ధరలు వంటి ప్రజల సమాచారమును ఎవరైనను వాడుకొనదగు రూపమున బహిరంగపరచినచో, దానిపై తెలుగున ఉపయోగకరమైన యాపులెన్నో లేవగలవు.

యువకులకును ఒక మాట. ఎనిమిది కోట్లమందిని వెదకుట మాని నూరుగురిని వెదకుడు. జనరల్ బజారు వస్త్రవర్తకునికి, రాణీగంజ్ యంత్రపరికరముల దుకాణదారునికి, మోండా మార్కెట్టు హోల్‌సేలు వ్యాపారికి వారి వారి ఖాతాల తీరు వేరు, బాకీల తీరు వేరు, వాడుకభాష వేరు. ఆ తీరును వారి దుకాణమున కూర్చుండి నేర్చి, వారికి సరిపోవు పనిముట్టును చేసి, నెలకు 300 రూపాయల చొప్పున నూరుగురికి ఇచ్చినచో 30,000 రూపాయలగును. అది మరుసటి మాసమునను వచ్చును. ఇందు కీర్తి లేదు, పత్రికలలో చిత్రము పడదు, ఎండలో నడువవలయును. కాని మోండా మార్కెట్టు బాకీపుస్తకమును దూరదేశపు కంపెనీ ఒక వారాంతమున నకలు చేయజాలదు. ఆ రాబడి కుదురుకొనువరకు చేతనున్న కొలువును విడువవలదు. తండ్రి దాచిన సొమ్మును, తల్లి మెడలోని బంగారమును ఈ సంతలో పెట్టవలదు.

పాఠకులకును కర్తవ్యము లేకపోలేదు. సినిమా టిక్కెట్టునకు రెండువందలు వెనుకాడక యిచ్చు మనము, పిల్లలకు తెలుగు అక్షరము నేర్పు యాపునకు నూరు రూపాయలనిన ఉచితముగా దొరకదాయని వెదకుచున్నాము. ఉచితమనునది నిజమునకు లేదు. మన చూపును, మన సమాచారమును ప్రకటనదారునకు అమ్మి ఆ మూల్యము చెల్లించుచున్నాము. మన భాషలో పనిముట్లు కావలయునన్నచో వాటిని చేయు చేతులకు కూలి ఈయవలయును. శుల్కము తగ్గించుట న్యాయస్థానముల పని, సంతను తెరచియుంచుట చట్టసభల పని. కొని పోషించుట మాత్రము మన పని.